అడగండి, చెప్తా: బయాలజీ డిగ్రీ, మధ్యలో ఒక ఏడాది ఇంకో దేశం

పోయిన నెల ఇంగువ గురించి రాస్తూ మాటవరసకి "నేను డిగ్రీ ఇంగ్లాండులో చదివా, అందులో థర్డ్ ఇయర్ స్వీడన్‌లో చేశా" అని ఒక్క ముక్క అన్నానండీ, ఇంగువ గురించి ఒక్కరూ అడగలేదు, ఆ ముక్క మీద మాత్రం ఉత్తరాలే ఉత్తరాలు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను, మీ ప్రశ్న మీరు గుర్తుపట్టేస్తారులెండి.

అక్కా, నేను ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రావని నాకే తెలుస్తోంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు. యూకేలో 'బయలాజికల్ సైన్సెస్ విత్ ఎ ఇయర్ అబ్రాడ్' అని కోర్సు చూశా. అసలు యూకేనే అబ్రాడ్ కదా, మళ్ళీ అబ్రాడ్ ఏంటి? అది చదివితే తర్వాత డాక్టర్ అవ్వొచ్చా? (భీమవరం)

నవ్వుకున్నా తల్లీ, కానీ నీ డౌటు న్యాయమైందే. వాళ్లకి వాళ్ల దేశం అబ్రాడ్ కాదు కదా. ఇంగ్లాండులో మామూలు బీఎస్సీ 3 ఏళ్లు, ఇది 4. మొదటి రెండేళ్లు చేరిన యూనివర్సిటీలోనే, థర్డ్ ఇయర్ వాళ్లతో ఒప్పందం ఉన్న ఇంకో దేశం యూనివర్సిటీలో, అక్కడి పిల్లల మధ్య కూర్చుని అక్కడి క్లాసులు విని అక్కడి పరీక్షలే రాయాలి, నాలుగో ఏడాది వెనక్కొచ్చి ఫైనల్ ప్రాజెక్టు. స్కాట్లాండులో ఆనర్స్ డిగ్రీయే 4 ఏళ్లు కాబట్టి అక్కడ చాలా చోట్ల థర్డ్ ఇయర్ బయట చేసినా ఇంకో ఏడాది పెరగదు, ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరెందుకో.

ఫస్టియర్‌లో సెల్ బయాలజీ, జెనెటిక్స్, ఎకాలజీ, ఫిజియాలజీ అన్నీ కొంచెం కొంచెం రుచి చూపించి సెకండియర్ నుంచి నీకు నచ్చిన వైపు వదిలేస్తారు. లెక్కలు తప్పించుకుందామని బైపీసీ తీసుకున్నావేమో గానీ స్టాటిస్టిక్స్ మాత్రం వదలదు, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో నత్తల పొడవులూ ఆకుల వెడల్పులూ ఎక్కించి గ్రాఫులు గీస్తూ కూర్చోవాలి, నేను మొదటి సెమిస్టర్‌లో ఏడ్చింది ఇంటి మీద బెంగతో కాదు, దానితోనే.

అప్లికేషన్ అంతా యూకాస్ అనే ఒకే పోర్టల్‌లో. 5 కోర్సులు పెట్టుకోవచ్చు, జనవరిలో ఒక గడువు ఉంటుంది, ఆ లోపు పంపితే అందరితో సమానంగా చూస్తారు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకి మాత్రం అక్టోబర్ 15. పర్సనల్ స్టేట్‌మెంట్ ఇదివరకు ఒకటే పెద్ద వ్యాసం, 2026 అడ్మిషన్ల నుంచి దాన్ని 3 ప్రశ్నలుగా విడగొట్టారు. అందులో దయచేసి "చిన్నప్పటి నుంచి నాకు ప్రకృతి అంటే ప్రాణం" అని రాయకు, అందరూ అదే రాస్తారు. నువ్వుండేది భీమవరం. చుట్టూ రొయ్యల చెరువులు. వైట్ స్పాట్ వైరస్ తగిలి వారం పది రోజుల్లో చెరువుకి చెరువు ఖాళీ అయిపోయిన కథ మీ వీధిలోనే ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది, పోయి వాళ్లతో మాట్లాడు, రొయ్య పిల్ల ఎక్కడ తెచ్చారు, టెస్టు చేయించారా, తర్వాత ఆ నీళ్లు ఎటు వదిలారు అని అడుగు, అది రాయి. స్టిర్లింగ్ యూనివర్సిటీలో చేపలు రొయ్యల పెంపకానికి ప్రత్యేకంగా ఒక ఇన్‌స్టిట్యూటే ఉంది, సాల్మన్ పెంపకానికి నార్వే పెట్టింది పేరు, భీమవరం పిల్ల వీటి గురించి అడిగితే వాళ్లు కుర్చీలో ముందుకి జరిగి వింటారు.

ఇంకోటి, అప్లై చేస్తే మొదట్లోనే 4 ఏళ్ల కోర్సుకి చెయ్యి. 4 నుంచి 3కి దిగడం మామూలుగా ఒక ఫారంతో అయిపోతుంది, 3 నుంచి 4కి ఎక్కాలంటే ఖాళీలు చూడాలి, వీసా పొడిగించుకోవాలి, బోలెడు తతంగం. ఆ కోర్సులో చేరాక కూడా బయటికి పంపడం గ్యారంటీ కాదు, చాలా చోట్ల సగటు 60 శాతం ఉండాలంటారు, లేకపోతే మామూలు మూడేళ్ల డిగ్రీలోకి మార్చేస్తారు.

డాక్టర్ సంగతి. కాలేవమ్మా, కనీసం ఈ దారిలో కాదు. అక్కడ డిగ్రీ అయ్యాక చదివే 4 ఏళ్ల మెడిసిన్ ఒకటుంది గానీ బయటి దేశాల పిల్లల్ని తీసుకునే కాలేజీలు చాలా తక్కువ, ఫీజు సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఇది సైంటిస్టుల దారి. అందుకే యూకాస్ కంటే ముందు ఇంట్లో చెప్పు. నాన్నగారికి నేరుగా చెప్పలేకపోతే అమ్మమ్మతో చెప్పించు, మా ఇంట్లో అలాగే అయింది పని.

మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయికి ఇలాంటి కోర్సే ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు వెంటపడుతున్నారు. థర్డ్ ఇయర్‌కి ఫీజే ఉండదట, పైగా నెలనెలా డబ్బులిస్తారట. నమ్మి రెండెకరాలు బేరం పెట్టాను. మీరేమంటారు? (ఖమ్మం జిల్లా)

అన్నయ్య గారూ, ముందు ఆ బేరం ఆపండి, తర్వాత చదవండి.

వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు. ఆ ఏడాదికి వెళ్లిన చోట ఫీజు కట్టక్కర్లేదు, నిజమే, కానీ యూకేలో చేరిన యూనివర్సిటీకి కట్టాలి. ఇంగ్లాండు పిల్లలకైతే పూర్తి ఏడాది బయట చదివితే మామూలు ఫీజులో 15 శాతం మించకూడదని రూలు ఉంది, 2025-26లో ఫీజు 9,535 పౌండ్లు, బయట చదివే ఏడాదికి 1,430. ఆ రూలు మన పిల్లలకి వర్తించదు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి ఒక యూనివర్సిటీ 15 శాతం అంటుంది, ఇంకోటి సగం అంటుంది, ఎవరి ఇష్టం వాళ్లది, కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ల నోటి మాట కాకుండా యూనివర్సిటీ దగ్గర్నుంచి మెయిల్‌లో రాయించుకోండి. నెలనెలా డబ్బులంటే ట్యూరింగ్ స్కీమ్ గురించి అయ్యుంటుంది, బయటి దేశం వెళ్లి చదివే పిల్లలకి యూకే ప్రభుత్వం ఇచ్చే సాయం అది, యూకే ఎరాస్మస్ (యూరప్ దేశాల మధ్య పిల్లలు మారి చదువుకునే పథకం) నుంచి బయటికొచ్చాక 2021లో దాని బదులు పెట్టారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకీ రావచ్చు, కానీ ఏటా ప్రభుత్వం ఇచ్చేదాన్ని బట్టి, యూనివర్సిటీ పంచేదాన్ని బట్టి. 2027 నుంచి మళ్ళీ ఎరాస్మస్‌లో చేరతామని 2025 డిసెంబర్‌లో ప్రకటించారు. ఏది ఉన్నా అది ఖర్చులో కొంత పూడుస్తుందంతే, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

అసలు లెక్క నేను వేస్తా. మన పిల్లలకి బయాలజీ ఫీజు చాలా చోట్ల ఏడాదికి 25,000 పౌండ్లు దాటింది, లండన్ పెద్ద యూనివర్సిటీల్లో 35,000 కూడా దాటుతుంది. 27,000 అనుకుందాం. మూడేళ్లకి 81,000. బయటి ఏడాదికి సగం వేస్తే 13,500. ఉండటానికీ తినడానికీ ఏడాదికి 11,000 చొప్పున నాలుగేళ్లకి 44,000 (వీసాకే లండన్ బయట నెలకి 1,171 చొప్పున 9 నెలల డబ్బు 28 రోజులు బ్యాంకులో కదలకుండా చూపించాలి). హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776, అది వీసాతో పాటు ముందే మొత్తం లాగేస్తారు. టికెట్లు, వీసా ఫీజులు వదిలేసినా పౌండు 115 రూపాయల లెక్కన కోటిన్నర దాటిపోయింది అన్నయ్య గారూ. మీ రెండెకరాలు రోడ్డు పక్కన ఉంటే తప్ప దీనికి చాలవు.

పోనీ ఉద్యోగం చేసి తీర్చేస్తాడా అంటే, చదువయ్యాక ఉండనిచ్చే వీసా ఇప్పటిదాకా 2 ఏళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే మామూలుగా జీతం 41,700 పౌండ్లు ఉండాలి, కొత్తగా డిగ్రీ అయినవాళ్లకి కొంచెం తగ్గించి 33,400. ఉత్త బీఎస్సీ బయాలజీతో ల్యాబ్‌లో మొదటి ఉద్యోగానికి అంత జీతం చాలాసార్లు రాదు. కంప్యూటర్ చదువులతో పోల్చుకోవద్దు, ఇక్కడ పీహెచ్‌డీ దాకా వెళ్తేనే అసలు కథ మొదలవుతుంది.

నా మాటైతే, అబ్బాయిని తిరుపతి ఐసర్‌కి (సైన్స్ చదువులకి కేంద్రం పెట్టిన సంస్థ) ట్రై చేయమనండి, 2015లో పెట్టారు, 5 ఏళ్ల బీఎస్-ఎంఎస్. ఎంట్రన్స్‌లో 60 ప్రశ్నలు, అందులో 15 మ్యాథ్స్, బైపీసీ వాళ్లు రాయొచ్చు, మ్యాథ్స్ కొంచెం నేర్చుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ కూడా ఉంది. తర్వాత బయట చదవాలనిపిస్తే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ అని ఉంటాయి, ఒక డిగ్రీలోనే కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేదు, చేతికి నెలకి 1,400 యూరోలు, 24 నెలల దాకా. సముద్ర జీవుల మీద, మొక్కల తెగుళ్ల మీద విడివిడిగా కోర్సులు ఉన్నాయి. పోటీ గట్టిదే, కానీ పొలం మిగుల్తుంది.

ఆంటీ, నేను లెస్టర్‌లో పెరిగా, బయాలజీ సెకండియర్. (తెలుగులో అమ్మ టైప్ చేస్తోంది.) ఇయర్ అబ్రాడ్‌కి మూడు ఆప్షన్లు పెట్టాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, నార్వేలో ట్రోమ్సో, సింగపూర్. అమ్మ సింగపూర్ అంటోంది ఎందుకంటే పిన్ని ఉంది. ఫ్రెండ్స్ ఆస్ట్రేలియా అంటున్నారు. (టైప్ చేస్తున్న అమ్మ మాట: పిన్ని ఒక్కటే కారణం కాదండీ, తిండి కూడా.)

అమ్మగారికి నమస్కారం, నిజాయితీగా టైప్ చేసినందుకు ముందు మీకు దండం.

నాన్నా, మూడు దేశాల పేర్లు రాశావు, వెళ్లి దేని మీద పని చేస్తావో ఒక్క ముక్క రాయలేదు. అందరూ చేసే పొరపాటు ఇదే. దేశం పక్కన పెట్టు, నీకు ఏ జీవి కావాలో చెప్పు, అప్పుడు ఊరు దానంతటదే తేలుతుంది.

పగడాలు కావాలా, అయితే క్వీన్స్‌లాండే. టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్రానికి పేరున్నది, క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకైతే హెరాన్ అనే పగడపు దీవి మీదే సొంత రీసెర్చ్ స్టేషన్ ఉంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్ 2016, 2017, 2020, 2022, 2024 ఇలా వరసగా వేడికి తెల్లబడిపోతూ ఉంది, ఆ మార్పుని కళ్లతో చూసి కొలిచే వయసు మీది. అయితే ఒక కిటుకు విను. పగడాలు ఏడాదికోసారి, ఎక్కువగా నవంబర్ ప్రాంతంలో పౌర్ణమి అయిన కొన్ని రాత్రులకి గుంపులు గుంపులుగా గుడ్లు వదుల్తాయి. అక్కడ సెమిస్టర్లు ఫిబ్రవరిలో ఒకటి, జులైలో ఒకటి మొదలవుతాయి. జులైకి వెళ్తే అది చూస్తావు, ఫిబ్రవరి నుంచి ఒక్క సెమిస్టర్ అని వెళ్తే మిస్సు. వీసా ఫీజు ఒక్కటే 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, అదీ చూసుకో. వేసవిలో అక్కడ ప్రమాదకరమైన జెల్లీఫిష్‌లు వస్తాయి, బీచ్‌లో వల కట్టిన చోటే దిగాలి, అమ్మకి ఈ వాక్యం చదవద్దని చెప్పేలోపే ఆవిడ టైప్ చేసి ఉంటారు.

చలిలో బతికే జీవులు కావాలా, ట్రోమ్సో. నవంబర్ చివర్నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు పైకే రాడు. ఇంకా పైకి స్వాల్‌బార్డ్‌లో 78 డిగ్రీల అక్షాంశం దగ్గర యూనివర్సిటీ సెంటర్ ఉంది, అక్కడ ఫీల్డ్‌కి వెళ్లాలంటే ముందు తుపాకీ పట్టడం నేర్పిస్తారు, ధ్రువపు ఎలుగుబంట్ల కోసం. (నీది ఇండియా పాస్‌పోర్టయితే ఒకటి గుర్తుపెట్టుకో, స్వాల్‌బార్డ్ షెంజెన్‌లోకి (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) రాదు, అక్కడికెళ్లి మళ్ళీ నార్వేలో దిగితే రెండోసారి ప్రవేశించినట్టే లెక్క, ఒక్క ఎంట్రీ వీసాతో పోతే ఇరుక్కుంటావు.)

సింగపూర్‌ని తీసిపారేయకు. మడ అడవులు, ఊరి మధ్య కాలువల్లో తిరిగే నీటి కుక్కలు, ఇంత చిన్న జాగాలో మనుషులూ జంతువులూ ఎలా సర్దుకుంటున్నారు అన్నది చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. మార్కులు మాత్రం పక్కవాడితో పోల్చి వేస్తారు, పక్కవాడు రాత్రంతా చదువుతాడు.

నా సంగతి చెప్తా. స్వీడన్‌లో ఒక యూనివర్సిటీకి నేను ఒకే ఒక్క కోర్సు కోసం వెళ్లా, మొక్కల శిలీంధ్రాల మీద. ఆగస్టులో దిగి లిస్టు చూస్తే అది లేదు. ఏడాది విడిచి ఏడాది చెప్తారట, నేను చూసింది పాత కేటలాగు. దాని బదులు మంచినీటి చెరువుల ఎకాలజీ ఇచ్చారు, రాత్రి ఏడ్చి పొద్దున్నే వెళ్లి చేరా. అందుకని లెర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ ఏ కోర్సులు చదువుతావో రాసిన ఒప్పందం) మీద సంతకం పెట్టేముందు ఒక్కో కోర్సుకీ రెండు ప్రశ్నలు మెయిల్‌లో అడుగు, ఈ కోర్సు నేను వచ్చే సెమిస్టర్‌లోనే నడుస్తుందా, దీనికి ముందు ఏవి చదివి ఉండాలి. మీ యూనివర్సిటీ 120 క్రెడిట్లు అంటే యూరప్ లెక్కలో 60, రెండు కోర్సులు జారిపోయినా ఏడాది తేలిపోతుంది.

శిలీంధ్రం కథ అక్కడితో అయిపోలేదులే. నాలుగో ఏడాది ఇంగ్లాండు వచ్చి ప్రాజెక్టు తీసుకుంటే వరి మీద బతికే ఒక ఫంగస్ ఇచ్చారు. అది ఆకులోకి దూరడానికి చిన్న బుడగ లాంటి కణం కట్టి అందులో కారు టైరులో ఉండేదానికి ఓ 40 రెట్లు ఒత్తిడి పెంచి మేకులా దిగబడుతుంది. మైక్రోస్కోపులో బుడగ చూసి ఆహా అనుకున్నా గానీ గుర్తుపట్టలేదు, గ్రీన్‌హౌస్‌లో ఆకు మీద మచ్చ చూశాక గుర్తుపట్టా. నూలుకండె ఆకారం, మధ్యలో బూడిద రంగు. అగ్గి తెగులు! తణుకు పక్కన మా తాతయ్య ప్రతి దాళ్వాకీ తిట్టుకునే అగ్గి తెగులు. ఆ రాత్రి తాతయ్యకి ఫోన్ చేస్తే "ఇంగ్లాండులో వరి పండదు కదే, మరి తెగులెందుకు పెంచుతున్నారు" అన్నాడు, ఇప్పటికీ దానికి నా దగ్గర సరైన సమాధానం లేదు.

మేడమ్, మేము రెడింగ్‌లో ఉంటాం, 2018లో వచ్చాం, పోయిన ఏడాది ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, పాస్‌పోర్టులు ఇండియావే. అమ్మాయి డిగ్రీ సెకండియర్, వచ్చే ఏడాది నెదర్లాండ్స్ వెళ్తానంటోంది. మార్కులేమో 62 శాతం! ఇండియాలో చదివినన్నాళ్లూ 90 తగ్గలేదు. ఈ మార్కులతో పంపాలా?

62 కి బెంగ పెట్టుకోకండి తల్లీ. ఇక్కడి యూనివర్సిటీల్లో 70 దాటితే ఫస్టు, అంటే అన్నిటికన్నా పైది, 60 నుంచి 69 దాకా టూ-వన్, ఉద్యోగాలకీ మాస్టర్స్‌కీ ఎక్కువగా అడిగేది అదే. 90 అనే మార్కు నేను నాలుగేళ్లలో ఎవరికీ రాగా చూళ్లేదు. నెదర్లాండ్స్‌లో ఇంకో చిత్రం, అక్కడ 10కి వేస్తారు, 8 వస్తే పండగ, 9 వస్తే చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి పోతారు. ఆ మార్కుల్ని మీ యూనివర్సిటీ ఎలా మారుస్తుంది, అసలు ఫైనల్ డిగ్రీలో కలుపుతుందా, పాసైతే చాలంటుందా, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, హ్యాండ్‌బుక్‌లో రాసుంటుంది, అమ్మాయిని ఆ పేజీ తీసి చూపించమనండి.

నాకు అసలు భయం వేసింది మీరు మామూలుగా రాసేసిన ఇంకో మాట దగ్గర, ఐఎల్ఆర్ ఉంది, పాస్‌పోర్టు ఇండియాది అన్నారు చూడండి, అక్కడ. బ్రిటిష్ సిటిజన్‌షిప్ తీసుకునే ఉద్దేశం ఉంటే, 18 దాటినవాళ్లు అప్లై చేసే రోజుకి వెనక్కి చూసుకుంటే 5 ఏళ్లలో దేశం బయట 450 రోజులు మించకూడదు, చివరి 12 నెలల్లో 90 రోజులు మించకూడదు. ఒక అకడమిక్ ఇయర్ నెదర్లాండ్స్‌లో ఉంటే ఆ 90 ఎప్పుడో దాటేస్తుంది, మామూలు సెలవుల ఇండియా ట్రిప్పులు కలిపితే 450 కూడా గీతకి దగ్గరికొస్తుంది. ఐఎల్ఆర్ పోతుందన్న భయం లేదు, అది రెండేళ్లు దాటి వరసగా బయట ఉంటేనే. కాబట్టి ఐఎల్ఆర్ వచ్చి 12 నెలలు అయిపోయి ఉంటే ఆమె వెళ్లేముందే అప్లై చేస్తారా, లేక వచ్చాక ఆగి చేస్తారా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఇండియా పాస్‌పోర్టు వదులుకోవడం మీకు ఇష్టమా కాదా అన్నది నేను చెప్పేది కాదు. ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి మీ ట్రిప్పుల తేదీలు చూపిస్తే ఆ ఫీజు వృథా పోదు.

ఇండియా పాస్‌పోర్టయినా బ్రిటిష్ పాస్‌పోర్టయినా 90 రోజులు దాటి ఉండాలంటే నెదర్లాండ్స్ రెసిడెన్స్ పర్మిట్ కావాలి, అక్కడి యూనివర్సిటీయే చేయిస్తుంది, వాళ్లు అడిగిన కాగితాలు అడిగిన రోజే పంపించమనండి.

ఇక చిన్న చిన్నవి గబగబా.

శాకాహారులం, ఏం తింటాడు? (ముగ్గురు అమ్మలు) వండుకుంటాడండీ. ఒక చిన్న కుక్కరు, పోపుల డబ్బా పంపండి. పచ్చళ్లూ పొడులూ ఇచ్చేముందు ఆ దేశం రూల్స్ చూడండి, ఆస్ట్రేలియాకి మాత్రం తినేవి విత్తనాలు ఏవి పెట్టినా ఫారంలో డిక్లేర్ చేయాల్సిందే, దాచితే అక్కడికక్కడే జరిమానా.

వాళ్ల భాష రాకపోతే? (నెల్లూరు) నార్డిక్ దేశాల్లో, నెదర్లాండ్స్‌లో థర్డ్ ఇయర్ బయాలజీ కోర్సులు చాలావరకు ఇంగ్లీషులోనే. ఫ్రాన్స్, స్పెయిన్ అయితే భాష నేర్చుకుని వెళ్లు, అక్కడ మొహమాటం పనిచేయదు.

ఇంటర్ ఇంగ్లీషు మార్కులు చూసి ఐఈఎల్టీఎస్ వద్దంటారట? (కరీంనగర్) కొన్ని యూనివర్సిటీలు వద్దంటాయి, కొన్ని సీబీఎస్ఈ వాళ్లకే ఆ సౌకర్యం ఇస్తాయి. మీ బోర్డు పేరు రాసి వాళ్లనే అడుగు.

ఇయర్ ఇన్ ఇండస్ట్రీ మంచిదా, ఇయర్ అబ్రాడా? (కోవెంట్రీ) కంపెనీ ఉద్యోగమే కావాలంటే ఇండస్ట్రీ, ఏడాదంతా జీతమిస్తారు. పీహెచ్‌డీ వైపు మనసుంటే అబ్రాడ్, అందులోనూ ల్యాబ్ ప్రాజెక్టు చేయనిచ్చే చోటు దొరికితేనే.

అక్కా, నేను ఇప్పుడు స్వీడన్‌లో ఇయర్ అబ్రాడ్‌లోనే ఉన్నా. డిసెంబర్‌లో రాసిన ఎగ్జామ్ పోయింది. నా జీవితంలో ఫస్ట్ టైం ఫెయిల్. మూడింటికే చీకటి, క్లాసులో ఎవరూ పలకరించరు, సార్‌ని పేరు పెట్టి పిలవమంటారు నా వల్ల కావట్లేదు. ఇంటికి చెప్పలేదు. వెనక్కి వచ్చేయాలనుంది. మార్చిలో గడ్డకట్టిన చెరువు మీద ఫీల్డ్ వర్క్ అట, అదింకో భయం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా బంగారం. ఆ చీకటి నాకు తెలుసు, డిసెంబర్‌లో మూడు కూడా కాకముందే వీధి లైట్లు వెలుగుతాయి. ముందు పరీక్ష సంగతి. అక్కడ యూ అంటే ఫెయిల్, జీ అంటే పాస్, వీజీ అంటే బాగా పాస్, నీకు యూ వచ్చింది, అవునా? ఆ యూ మన సప్లిమెంటరీ లాంటిది కాదు, అక్కడ మళ్ళీ రాయడానికి ఓంటెంటా అని పెడతారు, స్వీడన్ పిల్లలు దాన్ని బస్సు మిస్సయితే ఇంకో బస్సు ఎక్కినంత తేలిగ్గా రాస్తారు. తేదీ కోర్సు పేజీలో ఉంటుంది, విడిగా రిజిస్టర్ చేసుకోవాల్సిన చోట్లు ఉన్నాయి, అది మర్చిపోయి నేనొకసారి గుమ్మం దగ్గర నిలబడిపోయా. పైగా అక్కడ మనలా ఆరు సబ్జెక్టులు ఒకేసారి ఉండవు, ఒక కోర్సు అయ్యాకే ఇంకోటి, అందుకే ఒక్కటి పోతే ఆ రెండు నెలల చదువంతా పోయినట్టు అనిపిస్తుంది. పోయింది ఒక్కటే.

మీ ఇంగ్లాండు యూనివర్సిటీలో నీకు స్టడీ అబ్రాడ్ కోఆర్డినేటర్ ఉంటారు. ఈ వారమే మెయిల్ పెట్టు, మూడు లైన్లు చాలు, ఏ కోర్సు పోయింది, ఎన్ని క్రెడిట్లు, ఓంటెంటా ఎప్పుడు. ఎన్ని క్రెడిట్ల దాకా పోతే పరవాలేదో వాళ్లకే తెలుసు. జూన్‌లో చెప్తే వాళ్లు ఏం చేయలేరు, ఇప్పుడు చెప్తే చాలా చేయగలరు. వెనక్కి రావడం కూడా ఒక దారే, సిగ్గు పడాల్సింది కాదు, కానీ ఆ మెయిల్‌కి జవాబు వచ్చాక తేల్చుకో. రాత్రిళ్లు మరీ భారంగా ఉంటే స్టూడెంట్ హెల్త్ వాళ్ల దగ్గరికి వెళ్లు, క్యాంపస్‌లోనే ఉంటారు, ఇంగ్లీషులోనే మాట్లాడతారు.

పేరు పెట్టి పిలవడం గురించి, అది నా వల్లా కాలేదు. పిలవాల్సొస్తుందని మా ప్రొఫెసర్ ఎదురైతే మెట్లెక్కి పై ఫ్లోరుకి పోయేదాన్ని. చివరికి "ఎక్స్‌క్యూజ్ మీ" తో మొదలుపెట్టి పేరే రాకుండా ఏడాది గడిపా, ఎవరూ గమనించలేదు. క్లాసులో పలకరించకపోవడం కోపం కాదు, వాళ్లు వాళ్లల్లో వాళ్లు కూడా పలకరించుకోరు. కానీ ఫికా అని కాఫీ టైం ఉంటుంది చూడు, డిపార్ట్‌మెంట్‌లో రోజుకి రెండుసార్లు, అక్కడ కూర్చుంటే మాట్లాడతారు. నువ్వు వెళ్లి కూర్చో, చెయ్యాల్సింది అంతే. ఒకసారి ఏదైనా చేసి పట్టుకెళ్లు, నేను రవ్వలడ్డూలు పట్టుకెళ్లా, ఆ మర్నాడు ముగ్గురికి నా పేరు వచ్చేసింది.

అమ్మకి చెప్పు. ఫెయిలయ్యానని మొదలుపెట్టకు, ఓంటెంటా ఎప్పుడో తేదీతో మొదలుపెట్టు.

ఇక చెరువు. నేను మూడు నెలలు ఆ పనే చేశా, ఐసుకి పెద్ద మరతో కన్నం పెట్టి నీళ్లు తోడి లోతు లోతుకీ ఉష్ణోగ్రత రాసుకోవడం. పైన సున్నా, అడుగున 4 డిగ్రీలు, పుస్తకంలో చదివింది తాడుకి కట్టిన థర్మామీటర్ మీద కనిపిస్తుంది. ఒక్కదానివీ పోకూడదు, ముందు నడిచేవాళ్లు ఐసు మందం చూశాకే కదలాలి. ఉన్ని సాక్సు రెండు జతలు, బూటు ఒక సైజు పెద్దది. డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూంలో చెక్క పిడికి మేకు దిగ్గొట్టినట్టుండే జత ఒకటి తాడుతో ఇస్తారు, ఐసు పగిలి నీళ్లలో పడితే అంచుకి గుచ్చి పాక్కుంటూ పైకి రావడానికి. దాన్ని మెడలో వేసుకో, బ్యాగులో పెట్టుకోకు.